సారు మాటను కత్తిరించినవాడు

శుక్రవారం పొద్దున కాలేజీకి బయల్దేరి గడపలో చెప్పులు వేసుకుంటుంటే ఫోను మోగింది. మా కామర్సు సారు భార్య. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళమంతా ఆమెను అమ్మ అనే పిలుస్తాం. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ రోజు ఇంకా నెమ్మదిగా, "సారు పోయినాడు మ్మే. తెల్లారి నమాజు చదువుకోని పండుకున్నాడు. చాయ్ తాగుదువు లెయ్యని పిలిస్తే లెయ్యలే" అంది.

అబద్ధం రాయడం ఎందుకు? ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. కళ్ళ ముందు ఒక మొహం ఆడింది. అది సారు మొహం కాదు. మాతోపాటు డిగ్రీ చదివి, సారు ముందు బెంచీలో కూర్చుని, చివరికి సారు పరువు తీసినవాడి మొహం. చెప్పుల కాళ్ళతోనే ఇంట్లోకి వెనక్కి నడిచాను. బీరువాలో చీరల కింద దాచిన పాత ఫోను తీసి చార్జింగు పెట్టాను. 'ఇంక నిన్ను వదలను' అని పైకే అన్నాను. ఆ తర్వాత మంచం మీద కూలబడి ఏడ్చాను.

పెద్దవాళ్ళు పోయినప్పుడు రాసే మాటల్లో కోపం ఉండకూడదంటారు. మూడు నెలలు ఆగి చూశాను, పోలేదు. సారు గురించి రాస్తూ వాడి గురించి రాయకుండా ఉండటం నా వల్ల కాదు. పేరు మాత్రం రాయను. కేసు నడుస్తోంది, అదొక కారణం. సారు పేరే రాయని చోట వాడి పేరెందుకు, అది ఇంకో కారణం.

సారు కర్నూలు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కామర్సు చెప్పి రిటైరయ్యారు. దూదేకుల కుటుంబం. వాళ్ళ నాయన ఎమ్మిగనూరు, ఆదోని పక్క పల్లెల్లో తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ సారుకు తడుముకుంటూ వచ్చేది. అందుకు మసీదులో కొందరు నవ్వేవాళ్ళట. "నవ్వనీలే పాపా, దేవునికి తెలుగు రాదా?" అనేవారు నాతో.

నేను ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటి పిల్లను. మా ఇంట్లో కాలేజీ మొహం చూసినదాన్ని నేనే మొదలు. ఫస్టియరులో సారు భాగస్వామ్యం పాఠం మొదలుపెట్టిన రోజు ఇప్పటికీ గుర్తుంది. చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టుకుని, పుస్తకం తెరవకుండా నన్ను లేపారు.

"మీ ఇంట్లో నేత కదా పాపా. నూలెవరిది?"

"నూలిచ్చే ఆసామిది సార్."

"చీర బాగా వస్తే?"

"అమ్ముకుంటాడు సార్. మాకు కూలిస్తాడు."

"చీర మీద మరక పడితే?"

"మా కూలి కోస్తాడు సార్."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. సారు బోర్డు మీద 'భాగస్వామ్యం' అని పెద్దగా రాసి, దాని కిందే 'ఇది కాదు' అని రాశారు. "లాభం వచ్చినప్పుడు పక్కన కూర్చున్నోడు నష్టం వచ్చినప్పుడు కూడా పక్కనే కూర్చోవాల. లేచిపోయినాడంటే వాడు భాగస్తుడు కాదు. అంతే పాఠం. మిగతాదంతా పరీక్షల కోసం" అన్నారు. మా ఇంటి కష్టానికి పుస్తకంలో ఒక పేరుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఇవాళ నేను జూనియర్ కాలేజీలో అదే పాఠం చెప్పి బతుకుతున్నాను.

ఆయన నియమాలు నవ్వొచ్చేలా ఉండేవి. పాత స్కూటరు అమ్మకానికి పెట్టినప్పుడు కొనడానికి ఒకాయన వచ్చాడు. ఆయన టైర్లు చూసి, హారను కొట్టి, బాగుందన్నాడు. సారు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "రెండో గేరు ఒకోసారి పడదు. వాన పడితే స్టార్టు కాదు. ఎడమపక్క అద్దం అతికించినా. ఒకసారి ఆటోకు తగిలించినా, లోపల రాడ్డు వంగిందేమో అనుమానం" అని చెప్పుకుంటూ పోయారు. వచ్చినాయన చాయ్ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. అమ్మ లోపలి నుంచి, "ఆయప్ప అడగలేదు కదా, ఎందుకు చెప్పాల?" అంది. "అడగలేదు కాబట్టే చెప్పాల. అడిగితే చెప్పేది ఎవడైనా చేస్తాడు" అన్నారు సారు. అమ్మేవాడు సరుకులో లోపం దాచకూడదన్నది ఆయనకు ధర్మంలో మొదటి మాట. ఆ స్కూటరు చివరికి మెకానిక్కే ఇనుము ధరకు తీసుకుపోయాడు.

రిటైరయ్యాక ఆయనకు ఇంకో క్లాసు ఏర్పడింది. సాయంత్రం నమాజు అయ్యాక మసీదు వరండాలో కూర్చునేవారు. చుట్టూ కుర్రవాళ్ళు చేరేవాళ్ళు. సెల్ షాపులో పనిచేసేవాళ్ళు, బీటెక్ చదివి ఖాళీగా ఉన్నవాళ్ళు. అందరి చేతుల్లో ట్రేడింగు యాప్‌లు. ఇది హలాలా సార్, అది హరామా సార్ అని అడిగేవాళ్ళు. "నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాదప్పా. మార్కెట్టు ఎట్ల నడుస్తాదో నేను చెప్తా. ధర్మం ఏమంటాదో మతం చదువుకున్న ఆలిములను అడగండి" అని మొదలుపెట్టేవారు. కానీ ఆలిముల పుస్తకాలు ఆయన ఇంట్లో గోడంతా ఉండేవి. అర్థం కాని ఉర్దూ మాటలకు పెన్సిలుతో తెలుగు రాసుకుని చదివారు.

ఆ వరండా మాటలన్నీ ఒకచోట చెప్పమని కొందరు పెద్దలు అడిగితే, బస్టాండు దగ్గరి ఫంక్షను హాల్లో ఒక ఆదివారం పొద్దున మాట్లాడారు. నలభై నిమిషాలు, అంతా తెలుగులో. నా విద్యార్థులకు పనికొస్తుందని నేను ఆ పాత ఫోనులో రికార్డు చేశాను.

ఆ రోజు ఆయన చెప్పింది నాకు దాదాపు కంఠతా వచ్చు. "షేరు కొనడం హలాలే, ఎప్పుడంటే, ఆ కంపెనీ చేసే పని హలాల్ అయితే, అది సారాయి మీద, వడ్డీ మీద బతకకపోతే, దాని నష్టంలో కూడా నీకు పాలుంటే. శనక్కాయలు కొని మూటలు కట్టి మార్కెట్టుకు ఏసుకోని పోతాండావు, రేటు పడిపోవచ్చు, పెరగొచ్చు. ఇది జూదం కాదు, వ్యాపారం. మరి ఈ ఆప్షన్లేంది? చేన్లో కాయ లేదు, గోతంలో కాయ లేదు. కాయ రేటు పెరుగుతాదా తగ్గుతాదా అని ఇద్దరు కూర్చోని పందెం ఏసుకున్నారు. ఒకని జోబిలోది ఇంకొకని జోబిలోకి పోయింది. రైతు యాడుండాడు దాంట్లో? కాయ యాడుండాది? నీ చేతికి రానిది ఇంకొకనికి అమ్మొద్దని ప్రవక్త గారు ఊరికే చెప్పలేదు. డబ్బుకు డబ్బు మార్చుకునేది అక్కడికక్కడే చేతికి చేయి అయిపోవాల. పొద్దున కొని సాయంత్రానికి అమ్మేదాని మీద ఆలిముల్లోనే తేడాలుండాయి, నాకు ఖాయంగా తెలీదు. తెలీదని చెప్పడానికి భయపడొద్దండి."

ఆ హాల్లో వాడు కూడా ఉన్నాడు. అప్పటికే ఒక ఆఫీసు తీసి ఏదో ఫైనాన్సు వ్యాపారం చేస్తున్నాడు. సారుకు వాడంటే ఇష్టం. చురుకైనవాడని క్లాసులో చెప్పేవారు. వాడి నికాకు సాక్షి సంతకం పెట్టింది కూడా ఆయనే.

నాలుగు రోజుల తర్వాత నాకు ఫోను చేశాడు. "సారు మాటలు రికార్డు చేసినావంట కదా. పంపు. మా వాళ్ళకు ఇనిపిస్తా. నాలుగు మంచిమాటలు ఇంటారు" అన్నాడు. బస్టాపులో నిలబడి ఉన్నాను. అవతల నా బస్సు వస్తోంది. ఒక్కసారి వేలు తాకించి పంపేశాను.

వాడు ఆ నలభై నిమిషాల్లోంచి మూడు ముక్కలు కోశాడు. 'షేరు కొనడం హలాలే.' 'ఇది జూదం కాదు, వ్యాపారం.' 'భయపడొద్దండి.' మూడూ అతికించి, పచ్చరంగు మీద సారు ఫోటో పెట్టి, కింద 'హలాల్ ట్రేడింగ్' అని వాడి యాప్ పేరు వేశాడు. అది షేర్లు కొనే యాప్ కూడా కాదు. విదేశీ కరెన్సీల మీద, ఆప్షన్ల మీద పందెం. నెలనెలా ఖాయంగా ఇంత లాభం వస్తుందని కాగితం రాసిచ్చేవాడు. ఆ క్లిప్పు కర్నూలు నుంచి ఆత్మకూరు దాకా, ఇటు ఆలూరు, ఆదోని దాకా పాకింది.

నాకు మండేది ఎక్కడంటే, వాడు దురాశపరులను పట్టుకోలేదు. దేవుడికి భయపడేవాళ్ళను వెతుక్కున్నాడు. బ్యాంకులో వేస్తే వడ్డీ పడుతుందని, ఆ వడ్డీ తినకూడదని, బియ్యం డబ్బాలోనూ పెట్టె అడుగునా దాచుకున్నవాళ్ళను. సారు సందులోనే ఒక టైలరమ్మ ఉంది. భర్త లేడు. ఎప్పటికైనా ఉమ్రాకు పోయి కాబా చూసి రావాలని, జాకెట్లు కుట్టి కుట్టి దాచుకుంది. ఆమె తెచ్చి ఇచ్చింది. మా అన్నకు హలాల్ అంటే ఏమిటో తెలియదు. "మీ సారు గొంతే కదా" అని సొంత మగ్గం అమ్మి పెట్టాడు. నన్ను ఒక్కమాట అడగలేదు. అడిగి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఒక సోమవారం యాప్ తెరుచుకోలేదు. మంగళవారానికి ఆఫీసుకు తాళం. బుధవారం నుంచి జనం సారు ఇంటికి రావడం మొదలుపెట్టారు. అప్పటిదాకా అలాంటి క్లిప్పు ఒకటుందని కూడా ఆయనకు తెలియదు. ఆయన దగ్గరున్నది బటన్ల ఫోను. నేను కబురు తెలిసి వెళ్ళేసరికి టైలరమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. తిట్టలేదు. తన ఫోను గోడ మీద పెట్టి ఆ క్లిప్పు పెట్టింది. అయిపోతే మళ్ళీ పెట్టింది. సారు చొక్కా గుండీలు సగం పెట్టుకుని వచ్చి, తన గొంతు తానే విన్నారు.

"ఇది నేను చెప్పిందే. కానీ నేను చెప్పింది ఇది కాదమ్మా" అన్నారు.

"మీ గొంతు కాదా సారూ?" అంది ఆమె. అంతే, ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి మసీదు వరండాలో ఆయన దగ్గర ఎవరూ కూర్చోలేదని అమ్మ చెప్పింది. ఆయన మాత్రం మానలేదట. ఎప్పటిలాగే వెళ్ళి, తర్వాతి నమాజు దాకా ఒక్కరే కూర్చుని వచ్చేవారట.

రికార్డింగు పంపింది నేనేనని చెప్పడానికి నాకు వారం పట్టింది. అమ్మ కూడా అక్కడే వక్కలు కత్తిరిస్తూ కూర్చుని ఉంది. చెప్పాను. సారు చాలాసేపు కళ్ళద్దాలు తుడిచారు. "నేను మాట్లాడింది పదిమంది ఇనాలనే కదా పాపా. పంపడం నీ తప్పు కాదు. కత్తిరించింది వాని తప్పు" అన్నారు. అమ్మ అడకత్తెర ఆపి నా వైపు ఒకసారి చూసింది.

అప్పటికి వాడు మళ్ళీ ఊళ్ళోకి వచ్చి దర్జాగా తిరుగుతున్నాడు. "పైన కంపెనీవాళ్ళు నన్నూ ముంచినారు. నాకు ధర్మం సంగతులు తెలీవు. సారు హలాలంటే నమ్మినా" అని అందరితో చెప్పుకుంటున్నాడు. స్టేషనులో కూడా అదే చెప్పి బయటికొచ్చాడు. నేను పూర్తి రికార్డింగు ఊరంతా పంచేస్తానంటే సారు వద్దన్నారు. "ఊరికి పంచితే మళ్ళా ఎవడో కోస్తాడు. ఇంటింటికీ పోదాం. నేనుండంగా ఇననీ" అన్నారు.

అలా తిరిగాం. సెలవు రోజుల్లో ఇద్దరం బస్సెక్కి, ఎవరెవరు పెట్టారో వాళ్ళ ఇళ్ళకు. ఆయన గుమ్మంలో నిలబడి సలాము చెప్పి, లేకపోతే నమస్కారం పెట్టి, "నా మాట సగం ఇన్నారు. మిగతా సగం ఇనిపించడానికి వచ్చినా" అనేవారు. నేను ఫోను పెట్టేదాన్ని. అయ్యాక, వాళ్ళకు వాడు ఏం చెప్పి డబ్బు తీసుకున్నాడో అడిగి, గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం తీసుకునేవారు. ఒకటి మాత్రం గమనించాను. సారు మాటలు అయిపోయి హాల్లో ప్రశ్నలు మొదలయ్యే చోట, ప్రతి ఇంట్లోనూ, "చాలు పాపా, ఆపు" అనేవారు. వింటున్నవాళ్ళకు విసుగని అనుకున్నాను.

ఆలూరు దగ్గర ఒక ఇంట్లో శనక్కాయల రైతు చివరిదాకా విన్నాడు. విన్నకొద్దీ మొహం ఎర్రబడింది. "ఈ మాట అప్పుడే మా ఊరికొచ్చి చెప్పుంటే మా దుడ్లు పోవు గదా సారూ" అన్నాడు.

"చెప్పినానప్పా. నీదాకా రాలే."

"ఇప్పుడొచ్చి ఏం పీకుతావు?" అని లేచి సారును రొమ్ము మీద చెయ్యి పెట్టి నెట్టాడు. ఆయన అరుగు మీంచి వెనక్కి పడ్డారు. కళ్ళద్దాలు ఊడి రాళ్ళలో పడ్డాయి. నేను అరిచాను. సారు మోకాళ్ళ మీద వంగి అద్దాలు వెతుక్కుని పెట్టుకుని, "ఆయప్ప కోపంలో న్యాయముండాది" అన్నారు. తిరుగు బస్సులో ఆయన చొక్కా వీపుకంటిన ఎర్రమట్టి చూస్తూ కూర్చున్నాను. నెట్టిన రైతు మీద నాకు కోపం రాలేదు. కర్నూలులో ఏసీ గదిలో కూర్చున్నవాడి గొంతు మీద నా రెండు చేతులూ ఉన్నట్టు ఊహించుకుంటూ వచ్చాను. దాదాపు రెండు గంటలు అదే పని.

ఆ నెలలోనే ఆయనకు గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో అమ్మ మందులకు వెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి పిలిచారు. "ఆ రికార్డింగు కడవరకు ఎప్పుడన్నా ఇన్న్యావా పాపా?"

లేదన్నాను. ఆ రోజు హాల్లో ప్రశ్నలు మొదలవగానే ఫోను బల్ల మీదే వదిలేసి చాయ్‌లు తేవడానికి బయటికి వెళ్ళాను. "బయటికి పోయి ఇను" అన్నారు.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చెవికి పెట్టుకుని విన్నాను. సారు మాటలు ముగిశాయి, చప్పట్లు, కుర్చీల చప్పుడు. వెనక వరుసలోంచి ఒక గొంతు, "సార్, నెలకు ఇంత లాభమని ముందే ఖాయంగా రాసిస్తే అది హలాలేనా? ట్రేడింగు లాభమే కదా సార్ అది?" అని అడిగింది. ఆ గొంతు వాడిది. వాడికి తెలుసు. అడిగి, జవాబు విని, తెలుసుకుని, ఆ తర్వాతే నాకు ఫోను చేశాడు.

లోపలికి పరుగెత్తాను. "మీకు ముందే తెలుసా సార్?"

"మూడేండ్లు అటెండెన్సు పిలిచినా. గొంతు గుర్తుపట్టనా?"

"మరి ప్రతి ఇంట్లో ఎందుకు ఆపించినారు?"

"ఇనిపించింటే ఆ పొద్దే వాణ్ణి కొట్టి సంపేటోళ్ళు. వాడంతట వాడే వస్తాడని గడువిచ్చినా. ఇబ్బందిలో ఉండేవానికి గడువు ఇయ్యమని మాలో ఉండాది." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఇంగ గడువు అయిపోయింది. ఇంటికి పంపినాక ఇద్దరం స్టేషనుకు పోదాం. కడవరకు ఇనిపిద్దాం."

"వాణ్ణి మాఫ్ చేయరా సార్?" ఆయన మెత్తని మనిషి కదా అని అడిగాను. చేస్తానంటారేమోనన్న భయంతో అడిగాను.

"నాకు చేసింది ఎప్పుడో ఇడిసిపెట్టినా. ఆ టైలరమ్మకు చేసింది ఇడిసిపెట్టనీకి నేనెవర్ని? ఒక మనిషి హక్కు కొట్టేస్తే దేవుడు కూడా ఆ మనిషినే అడుక్కోమంటాడు. మధ్యలో నేనెట్ల దూరతా?" అన్నారు. ఆయన గొంతులో అంత గట్టితనం నేనెప్పుడూ వినలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి పంపారు. సోమవారం స్టేషనుకు వెళ్దామనుకున్నాం. శుక్రవారం ఆయన లేవలేదు.

జుమ్మా నమాజు తర్వాత జనాజా ఎత్తుతామన్నారు. నేను లోపల ఆడవాళ్ళ మధ్య అమ్మ పక్కన కూర్చున్నాను. టైలరమ్మ కూడా వచ్చింది. ఆమె ఇంటికి సారూ నేనూ మొట్టమొదట వెళ్ళాం. ఇంతలో వాకిట్లో కలకలం. తెల్లబట్టలు వేసుకుని, టోపీ పెట్టుకుని వాడు వచ్చాడు. గుమ్మానికి కట్టిన పరదా దగ్గర నిలబడి, వాకిలంతా వినపడేట్టు ఏడుస్తూ, "అమ్మా, సారు నన్ను కొడుకు లెక్క చూసినాడు. నా వల్ల ఏమన్నా తప్పు జరిగింటే మాఫ్ చెయ్యండమ్మా. ఒక్కసారి భుజం పట్టనీండి" అన్నాడు. పెద్దలెవరో, "చావు దగ్గర పగలొద్దమ్మా, మాఫ్ చేసినానని చెప్పెయ్యి" అన్నారు.

అమ్మ పరాయి మగవాళ్ళ ముందు గొంతెత్తగా నేనెన్నడూ వినలేదు. పరదా అంచు పట్టుకుని నిలబడింది.

"మా ఆయన ఇంటింటికీ తిరిగి రాసుకోనొచ్చిన పేర్లుండాయి. ముందు ఆ ఇండ్లకు పో. ఒక్కో గడపలో నిలబడి అడుగు. వాళ్ళంతా మాఫ్ చేసినాక నా దగ్గరికి రా. నేను కడపటిదాన్ని. అందాకా మా ఆయన మీద చెయ్యి ఎయ్యొద్దు."

జనాజా లేచినప్పుడు కిటికీలోంచి చూశాను. వాడు ముందుకు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పక్కకు జరిగి ఆ సందు మూసేశారు. ఒకరికొకరు చెప్పుకున్నది లేదు, ఊరికే భుజాలు కలిపారు. వాడు చెప్పులు విడిచిన చోటే నిలబడిపోయాడు. నాకు ఆనందం వేసింది. సారు శవం ఇంకా సందు మలుపు తిరగలేదు, నాకు ఆనందం వేసింది. దాన్ని దాచను.

ఆదివారం మా అన్న ఎమ్మిగనూరు నుంచి వచ్చాడు. వాడు అన్నకు ఫోను చేశాడట. రికార్డింగు స్టేషనులో ఇవ్వకపోతే మా అన్న సొమ్ము మొత్తం ఇచ్చేస్తానన్నాడట. సారు ఆసుపత్రిలో ఉన్నప్పుడే స్టేషనుకు వెళ్దామనుకున్న సంగతి వాడికి ఎలా తెలిసిందో నాకిప్పటికీ తెలియదు.

"మన మగ్గం మనకొస్తాది మ్మే. ఇంగేం కావాల? నేను కూలికి నేస్తాండా, ఇంకొకని మగ్గం మీద" అన్నాడు అన్న.

"టైలరమ్మకు కూడా ఇస్తాడేమో అడుగు."

బయటికి వెళ్ళి ఫోను చేసి వచ్చాడు. "మనకొక్కరికే అంటాండాడు."

"అయితే నేను పోతా స్టేషనుకు."

"పోయినోళ్ళ కోసం బతికుండేవాళ్ళను ముంచుతావా?" అని లేచాడు. కంచంలో అన్నం అట్లాగే ఉంది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. అన్న తప్పు లేదు. నాది తప్పో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. సారు కోసమే వెళ్ళానా, వాడి మొహం చూడాలని వెళ్ళానా అని ఎవరైనా అడిగితే, రెండోదానికే ఎక్కువ అని చెప్పాల్సి వస్తుంది.

స్టేషనులో ఆఫీసరు వాణ్ణి కూడా పిలిపించారు. గొంతు సరిగా వినపడాలని ఫ్యాను ఆపించారు. నా పాత ఫోను బల్ల మీద. సారు గొంతు గదిలోకి వచ్చింది. మొదట స్కూటరు అమ్మిన కథ చెప్పారు, హాలంతా నవ్వింది. ఆఫీసరు కూడా నవ్వారు. తర్వాత వాడు కోసిన వాక్యాలు ఒక్కొక్కటే, పూర్తిగా. వాడు చెమట తుడుచుకుంటూ, "నాకు ధర్మం అంతగా తెలీదు సార్. తప్పుగా అర్థం చేసుకున్నా" అన్నాడు. చప్పట్లు వినపడ్డాయి. ఆఫీసరు ఆపబోయారు.

"ఇంకా ఉంది సార్, ప్రశ్నలు" అన్నాను.

వాడు నా వైపు తిరిగాడు. అప్పటిదాకా వాడికి తానడిగిన ప్రశ్న గుర్తు లేదనుకుంటా. ఆ క్షణంలో గుర్తొచ్చింది. నేను కళ్ళార్పకుండా చూశాను. మొహంలోంచి నెత్తురు దిగిపోవడం అంటారే, అది నిజంగా కనపడుతుంది.

వెనక వరుసలోంచి వాడి గొంతు ఆ ప్రశ్న అడిగింది. ఫోనులో సారు, "అడిగిందెవరు నాయనా? లేసి నిలబడు, కనపడల్లే" అన్నారు. స్టేషనులో, బెంచీ మీద కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. ఎవరూ లెమ్మనలేదు. కాళ్ళు వాటంతటవే లేచినట్టున్నాయి. చేతులు కట్టుకున్నాడు, తల వంచాడు. సారు జవాబు చెప్పారు.

"లాభం రాకముందే లాభమింత అని రాసిచ్చినావంటే అది లాభం కాదు, వడ్డీ. నష్టమొస్తే నీదేమీ పోదని కూడా చెప్తాండావా? అయితే అబద్ధం కూడా. వడ్డీకి టోపీ పెట్టినంత మాత్రాన అది మసీదుకు రాదు నాయనా. నువ్వు మంచి పిల్లోనివి. ఆ పని ఎవరన్నా చేస్తాంటే వద్దని చెప్పు. కూర్చో."

రికార్డింగు అయిపోయింది. వాడు కూర్చోలేదు. ఆఫీసరు రెండుసార్లు చెప్తేగానీ కూర్చోలేదు.

ఆ సాయంత్రమే అరెస్టు చేశారు. ఆఫీసుకు సీలు పడింది. పోయిన సొమ్ము ఎంత వెనక్కి వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరూ చెప్పడం లేదు. టైలరమ్మ జాకెట్లు కుడుతూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ దగ్గరికి వెళ్ళాను. భర్త పోయాక ఆమె గడప దాటకూడని రోజులు. లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. జరిగిందంతా చెప్పాను. విని, "మళ్ళా చెప్పు మ్మే" అంది. మళ్ళీ చెప్పాను. "వాని మొహం ఎట్లుండె?" చెప్పాను. "చెమట పట్టిందా?" పట్టిందన్నాను. "మొదట్నుంచి చెప్పు." మూడోసారి చెప్పాను. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. అంత నెమ్మదైన మనిషి మునివేళ్ళతో చాప పోగులు ఒక్కొక్కటే లాగుతూ వింటోంది.

"లేసి నిలబడినాడంటివే. ఎట్ల నిలబడినాడు?"

"చేతులు కట్టుకుని, తల వంచుకుని."

"నిలబడి సూపీ."

లేచి నిలబడ్డాను. చేతులు కట్టుకున్నాను. తల వంచాను. ఆ రోజు అడకత్తెర ఆపి చూసినట్టే, ఆమె కింద చాప మీద నుంచి నన్నే చూస్తోందని తెలుస్తోంది. వీధిలో ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ వెళ్ళారు. నేను తలెత్తబోయాను.

"అట్లే ఉండు మ్మే" అంది అమ్మ.

అట్లాగే నిలబడ్డాను.